చల్లగా ఉన్నంతసేపే

జూన్ 16, సోమవారం

వేసవి సెలవుల తర్వాత ఇవాళ కోర్టు తెరిచారు. ఆపరేషన్ అయ్యాక నేను నల్లకోటు వేసుకోవడం ఇదే మొదలు. మెడకి తెల్ల బ్యాండు మామూలుగా కట్టుకుంటే గొంతు దగ్గర పెట్టిన రంధ్రం మూసుకుపోతుంది. ఇప్పుడు నేను ఊపిరి తీసుకునేది దాంతోనే. మా ఆవిడ రమ ఆ బ్యాండు విప్పి, కాస్త కిందికి జారేలా మళ్ళీ కుట్టి ఇచ్చింది. ఎవరూ గమనించలేదు. గమనించనట్టు ఉన్నారేమో.

కొత్త ల్యాప్‌టాప్ కూడా తీసుకెళ్ళాను. నేను టైపు చేస్తే అది పైకి చదువుతుంది. ఆడగొంతు, వార్తలు చదివినట్టు ఉంటుంది. "బుచ్చిబాబు గారూ, చివరికి కోర్టులో కూడా మీకు ఆడవాళ్ళ మాటే గతైంది" అన్నారు బార్ రూములో ఎవరో. అందరూ నవ్వారు. నా నవ్వుకి శబ్దం లేదు కాబట్టి భుజాలు కదిపి చూపించాను.

కేసు పిలిచారు. అవతలి వాళ్ళ పిటిషన్‌కి కౌంటరు వేయడానికి గడువు అడగాలి, అంతే. ముందే టైపు చేసి ఉంచుకున్నాను. మీట నొక్కాను. "గౌరవనీయ న్యాయస్థానం వారికి, ప్రతివాది తరఫున" అంది. తర్వాత తెర నల్లబడింది. మళ్ళీ నొక్కాను. ఇంకోటి నొక్కాను. హాలంతా నా వేళ్ళ వంకే చూస్తోంది. నా జూనియర్ విజయ్ కుమార్ లేచి మిగతాది చెప్పాడు.

"ఫర్వాలేదు బుచ్చిబాబు గారూ, మీరు కూర్చోండి" అన్నారు జడ్జీ గారు.

ఇన్నేళ్ళ ప్రాక్టీసులో ఏ జడ్జీ నాతో అంత మెత్తగా మాట్లాడలేదు.

కేసులన్నీ విజయ్ కుమార్ చూసుకుంటున్నాడు కాబట్టి ఈ ఏటి లాయర్ డైరీ ఖాళీగా ఉంది. వాయిదాలు రాయాల్సిన చోట ఇది రాస్తున్నాను.

జూన్ 17, మంగళవారం

రమ స్నానానికి వెళ్ళాక కంపెనీ కస్టమర్ కేర్‌కి నేనే ఫోన్ చేశాను. ఎందుకు చేశానో నాకే తెలియదు. తెలుగు కోసం నాలుగు నొక్కమంటే నొక్కాను. "మీ సమస్యను క్లుప్తంగా చెప్పండి" అంది. ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నాను. "క్షమించండి, మీ మాట వినపడలేదు. మరోసారి చెప్పండి" అంది. చాలా మర్యాదగా మళ్ళీ మళ్ళీ అడిగి, చివరికి "మాతో మాట్లాడినందుకు ధన్యవాదాలు" అని పెట్టేసింది.

జూన్ 18, బుధవారం

ఇవాళ చాటింగులో ఒకతను దొరికాడు. మనిషో మరొకటో తెలియదు. ఆపి మళ్ళీ ఆన్ చేయమన్నాడు. చేశాను. బ్యాటరీ పూర్తిగా దిగనిచ్చి మళ్ళీ ఎక్కించమన్నాడు. దానికి పొద్దు గడిచిపోయింది. సాయంత్రం వచ్చి చూస్తే "మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం" అని రాసి వెళ్ళిపోయి ఉన్నాడు. పరిష్కారమైందని నేను ఎక్కడా రాయలేదు.

ఫోన్లో కూడా అలా చదివించొచ్చు అంటుంది మా అమ్మాయి సాహిత్య. ఫోన్లో ఆ చిన్న అక్షరాల మీద నా వేళ్ళు నిలవవు. కోర్టు హాల్లో ఫోను పైకి తీయనివ్వరు కూడా.

జూన్ 20, శుక్రవారం

రమని మాట్లాడమన్నాను. కొత్తవాళ్ళతో ఫోన్లో మాట్లాడాలంటే రమకి చెమటలు పడతాయి. గ్యాస్ బండ బుక్ చేయడం దగ్గర్నుంచి అన్నీ నేనే మాట్లాడేవాణ్ణి. చెప్పాల్సినవన్నీ నా తెల్ల బోర్డు మీద వరసగా రాసి ముందు పెట్టాను. స్పీకర్ పెట్టింది.

"మీరు కస్టమరేనా మేడం?" అని అడిగింది అటు పక్క అమ్మాయి.

"కాదమ్మా. వాళ్ళావిణ్ణి."

"బిల్లు బుచ్చిబాబు గారి పేరు మీద ఉంది మేడం. కంప్లైంట్ తీసుకోవాలంటే సార్ లైన్లోకి రావాలి. ఊరికే పేరు చెప్పి, సరే అంటే చాలు."

"ఆయన ఇప్పుడు మాట్లాడలేరు."

"బిజీగా ఉన్నారా మేడం? సార్ ఖాళీ అయ్యాక మేమే చేస్తాం. ఏ టైం అయితే కుదురుతుంది?"

రమ నా వంక చూసింది. నేను బోర్డు వంక చూశాను. అక్కడ దానికి జవాబు రాసి లేదు.

"నేనే చెబుతాలేమ్మా" అని పెట్టేసింది.

'ఇప్పుడు' మాట్లాడలేరు అంది రమ. 'ఎప్పటికీ' అనలేదు.

జూన్ 23, సోమవారం

గుడివాడలో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉందని తెలిసి ఇద్దరం బస్సులో వెళ్ళాం. ల్యాప్‌టాప్ రమ ఒళ్ళో పెట్టుకుంది. కుదుపు వచ్చినప్పుడల్లా రెండు చేతులూ దాని మీద వేసింది. పసిపిల్లనా ఏంటి అని బోర్డు మీద రాసి చూపిస్తే నవ్వలేదు.

సర్వీస్ సెంటర్లో ఏసీ చలికి రమ కొంగు కప్పుకుంది. ప్రేమ్ సాగర్ అనే కుర్రాడు ల్యాప్‌టాప్ తెరిచి ఆన్ చేశాడు. చక్కగా పనిచేసింది. అతను ఒకటీ రెండూ అని నొక్కుకుంటూ పోయాడు, అది అన్నిటికీ పలికింది. మేమిద్దరం అబద్ధం చెప్పిన పిల్లల్లా నిలబడ్డాం.

"ఏం ప్రాబ్లం లేదు సార్. బానే ఉంది కదండీ."

"ఇంట్లో ఆగిపోతంది బాబూ" అంది రమ.

"ఇక్కడ ఆగితేనే మేం రాసుకోగలం మేడం."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో రమ కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చుంది. కాలవలకి నీళ్ళు వదిలారు.

జూన్ 24, మంగళవారం

ఆన్ చేశాను. ఫ్యాను రైసుమిల్లులా మోగింది. ఆగిపోయింది.

జూన్ 26, గురువారం

సాహిత్య పుణె నుంచి వీడియో కాల్ చేసింది. ఉద్యోగం కబుర్లు అయ్యాక అసలు సంగతికి వచ్చింది. విజయవాడలో స్పీచ్ థెరపిస్టు దగ్గరికి ఎప్పుడు వెళ్తున్నానంటుంది. గాలి మింగి, దాన్ని తేన్పులా పైకి తెచ్చి, మాటగా మలచడం నేర్పుతారట. ఆస్పత్రిలో ఒకాయన అలా మాట్లాడి చూపించాడు. మంచాయనే. కానీ డబ్బాలో కప్ప అరిచినట్టు ఉంది. కోర్టులో ఆ గొంతుతో లేచి నిలబడతానా? నాకు ల్యాప్‌టాప్ ఉంది అని రాసి చూపించాను.

"ల్యాప్‌టాప్ పనిచెయ్యట్లేదుగా నాన్నా."

కంపెనీ వాళ్ళు బాగుచేస్తారు అని రాశాను.

"రికార్డింగులు బానే ఉన్నాయా?" అని అడిగింది.

ఆపరేషన్‌కి ముందు, ఈ ల్యాప్‌టాప్ కొన్న వారంలో, సాహిత్య సెలవు పెట్టి వచ్చి నన్ను కూర్చోబెట్టి నా గొంతు రికార్డు చేసింది. 'నాకు దాహంగా ఉంది', 'ఫ్యాను ఆపండి', 'డాక్టర్ని పిలవండి', ఇలాంటి వాక్యాలు చదివించింది. రేపు రాబోయే నొప్పి గురించి ఇవాళ చదవడం ఏమిటని విసుక్కున్నాను. మధ్యలో పిచ్చాపాటీ కూడా ఉంది. నేను ఒక్కటీ వినలేదు. మీట నొక్కితే నా గొంతే దాహంగా ఉందని చెప్పే ఏర్పాటు కూడా చేసింది. నేను దాని జోలికి పోలేదు. ఆడగొంతు నయం.

ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అని రాశాను. బోర్డు ఫోనుకి చూపిస్తుంటే పక్కనున్న రమ లేచి పొయ్యి మీద పాలు చూడ్డానికి వెళ్ళింది. పాలు అప్పటికే దించి ఉన్నాయి.

జూన్ 30, సోమవారం

ఇవాళ రమ తనంతట తనే ఫోను తీసింది. బోర్డు ఇవ్వబోతే వద్దంది. ఈసారి తనూజ అనే అమ్మాయి ఎత్తింది. అదే ప్రశ్న, సార్ లైన్లోకి రావాలి.

"రాలేరమ్మా."

"ఎప్పుడు రాగలరు మేడం?"

రమ ఫోన్ని రెండు చేతులతో పట్టుకుంది. "ఎప్పుడూ రాలేరు. ఆయనకి గొంతులో కేన్సర్ వచ్చింది. మాట వచ్చే భాగం తీసేశారు. మనిషి నా పక్కనే ఉన్నారు, మీరనేది అంతా వింటున్నారు. మాటొక్కటే లేదు. ఆ ల్యాప్‌టాపుతోటే మాట్లాడతన్నారు. అందుకే అడుగుతన్నా."

ఆ మాటలు మా ఇంట్లో పైకి ఎవరూ అనలేదు. డాక్టర్లు ఇంగ్లీషులో అన్నారు. చుట్టాలు 'ఆపరేషన్' అన్నారు. నేను కాగితం మీద కూడా రాయలేదు.

అటు పక్క ఆ అమ్మాయి "సార్, నమస్తే అండీ" అంది. రమతో కాదు, నాతో. "కంప్లైంట్ మేడం గారి పేరు మీదకి మారుస్తున్నానండీ. సార్‌కి సమ్మతమైతే ఫోన్ మీద రెండుసార్లు తట్టమనండి. నేను రాసుకుంటాను."

తట్టాను.

జూలై 2, బుధవారం

తనూజ చెప్పిన పరీక్షలన్నీ రమ చేసింది. తెర మీద వచ్చిన అంకెలు చదివి వినిపించింది. లోపల సమాచారం దాచుకునే డిస్కు లోపంతోనే వచ్చిందట. వేడెక్కగానే అది చేతులెత్తేస్తోంది, దాంతో మొత్తం ఆగిపోతోంది. గుడివాడ ఏసీలో ఎందుకు ఆగలేదో ఇప్పుడు తెలిసింది. శుక్రవారం ప్రేమ్ సాగర్ ఇంటికొచ్చి కొత్త డిస్కు వేస్తాడు. వారంటీ ఉంది.

"లోపలున్నవి పోతాయా అమ్మా?" అని అడిగింది రమ.

"పోతాయండీ. కాపీ తీసి ఉంచుకోండి. పాత డిస్కు మాత్రం కంపెనీకి వెనక్కి ఇచ్చెయ్యాలి."

నేను బోర్డు మీద రాశాను: సరే అను. నా దావా కాగితాలన్నీ విజయ్ కుమార్ దగ్గర ఉన్నాయి.

రమ సరే అంది.

పీడ వదిలింది. సోమవారం మళ్ళీ కోర్టుకి వెళ్ళొచ్చు.

జూలై 3, గురువారం

రమ మోపిదేవి వెళ్ళింది. సుబ్రహ్మణ్యస్వామి గుడికి వెళ్ళాలట, రెండు రోజులు వాళ్ళన్నయ్య ఇంట్లో ఉండి వస్తుందట. టెక్నీషియన్ వచ్చేది రేపే కదా అని రాస్తే, "మీరున్నారుగా" అంది. సంచీ బరువుగా ఉంది. ఆటో దాకా నేను మోస్తానంటే ఇవ్వలేదు.

జూలై 4, శుక్రవారం

ప్రేమ్ సాగర్ వచ్చాడు. బల్ల మీద ల్యాప్‌టాప్ లేదు. బీరువాలో లేదు. మంచం కింద కూడా చూశాం, ఆ కుర్రాడు నాతో పాటు మోకాళ్ళ మీద వంగి వెతికాడు.

"ల్యాప్‌టాప్ లేకుండా కంప్లైంట్ ఎలా క్లోజ్ చెయ్యమంటారండీ?"

రమకి మెసేజ్ పెట్టాను. చూసింది. సాయంత్రానికి జవాబు వచ్చింది. 'నా దగ్గరే ఉంది. భద్రంగా ఉంది.'

కోపం వచ్చింది. కోపం వస్తే మనిషి అరుస్తాడు. నేను మూడు తెల్ల కాగితాల నిండా రాశాను. చించేశాను.

జూలై 5, శనివారం

మోపిదేవి వెళ్ళాను. బస్సులో కండక్టర్‌కి బోర్డు మీద ఊరి పేరు రాసి చూపిస్తే, "మోపిదేవా అండీ" అని నా చెవి దగ్గరికొచ్చి అరిచాడు. మాట రాకపోతే చెవులు కూడా పనిచేయవనుకుంటారు అందరూ. చల్లపల్లి దాటాక రోడ్డుకి రెండు వైపులా నాట్లు పడుతున్నాయి. దారి పొడుగునా రమని ఏమని అడగాలో తయారు చేసుకున్నాను. క్రాస్ ఎగ్జామినేషన్‌కి వెళ్తున్నట్టే.

రమ వాళ్ళన్నయ్య పూర్ణచంద్రరావు వీధి వసారాలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"రా బావా. వస్తావనే అనుకుంటున్నాం. అది పెరటి వైపు గదిలో ఉంది." ఆగి, "ముందు మంచినీళ్ళు తాగు" అన్నాడు. తాగకుండానే లోపలికి వెళ్ళాను.

నడవలో ఉండగానే వినపడింది.

ఎవరో మగమనిషి మాట్లాడుతున్నాడు. తొందరలేని, కాస్త బొంగురు గొంతు, మాట చివర సాగదీస్తున్నాడు. కోడూరు నుంచి వచ్చిన ఒక క్లయింటు కథ చెబుతున్నాడు. ఫీజు కింద రెండు బాతులు బుట్టలో పెట్టుకుని సరాసరి కోర్టు హాల్లోకే వచ్చాడట. ఎవరి దగ్గరో విన్న కథే అనుకున్నాను. ఆ కథ నాదేనని తెలియడానికి రెండడుగులు పట్టింది.

రమ నాపరాళ్ళ నేల మీద కూర్చుని ఉంది. ల్యాప్‌టాప్ కింద తడిపి పిండిన గుడ్డ, దాని మీద ఇత్తడి పళ్ళెం, దాని మీద ల్యాప్‌టాప్. పక్కన టేబుల్ ఫ్యాను.

"అప్పుడు జడ్జీ గారు అడిగారే, 'అవతలి వైపు అభ్యంతరం ఏమైనా ఉందా' అని. బుట్టలోంచి బాతు 'క్వాక్' మంది..."

తర్వాత నవ్వు. మొదట ముక్కులోంచి, తర్వాత గొంతులోంచి, తర్వాత ఆపుకోలేక దగ్గుతో కలిసి. సాహిత్య కూడా నవ్వుతోంది. 'నాన్నా, ఇదంతా రికార్డవుతోంది, ఇక వాక్యాలు చదువు' అంటోంది. ఆ మనిషి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

రమ నన్ను చూసి ఆపేసింది. తయారు చేసుకొచ్చిన ప్రశ్నలన్నీ పోయాయి. గుమ్మంలోనే కూర్చున్నాను. బోర్డు మీద ఒకటే రాశాను: చెప్పొచ్చుగా.

"చెబితే, ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే అని రాస్తారు. ఒకసారి చదివాను. మళ్ళీ చదవడం నాకిష్టం లేదు."

నేను ఏదో రాయబోతే నా చేతిలోంచి పెన్ను తీసుకుంది.

"మాటలు మీరు రాస్తూనే ఉన్నారు, నాకేం లోటు చెయ్యలేదు. కూరలో ఉప్పు ఎక్కువైందని కూడా రాస్తన్నారు. నవ్వు ఎలా రాస్తారు?"

పొద్దున్న నేను కోర్టు పక్కన టీ బడ్డీ దాకా నడిచి వచ్చేలోపు రోజూ వింటోందట. చల్లగా ఉన్నంతసేపే పనిచేస్తుందని కంపెనీ కన్నా ముందు రమకే తెలుసు. నవ్వు ఉన్నది ఆ ఒక్కదాంట్లోనేనట. మిగతా వాటిలో నేను వాక్యాలు చదువుతున్నానట, లాయర్‌లా.

భోజనాలయ్యాక ఇద్దరం బస్సెక్కాం. ల్యాప్‌టాప్ ఈసారి నా ఒళ్ళో పెట్టుకున్నాను.

జూలై 6, ఆదివారం

సాహిత్యకి చెప్పాం. దాని లెక్క ప్రకారం రికార్డింగులన్నీ ఇంటర్నెట్లో ఇంకోచోట కూడా ఉండాలి. వెతికి చూసింది. మొదటి రోజువి కొన్నే ఎక్కాయట, మధ్యలో ఎప్పుడో ఆగిపోయిందట. "నేను చూసుకోవాల్సింది నాన్నా" అని ఏడ్చింది. నువ్వు కూర్చోబెట్టకపోతే అసలు ఒక్కటీ ఉండేది కాదు అని రాసి చూపించాను. ఏడుపు ఎక్కువైంది. వీడియో కాల్లో వీపు నిమరడం కుదరదు.

పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు ఆన్ చేసి, ఆగిపోయేలోపు ఒక్కొక్కటీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోమంది.

జూలై 7, సోమవారం

కోర్టుకి వెళ్ళలేదు.

రమ తనూజకి ఫోన్ చేసింది. పాత డిస్కు మాకే వదిలెయ్యమని అడిగింది. కుదరదంది తనూజ, కంపెనీ రూలు. దాంట్లో ఏముందో రమ చెప్పింది. ఆ అమ్మాయి ఎవర్నో అడిగి వస్తానని వెళ్ళి, కొంతసేపటికి వచ్చింది. పైవాళ్ళు కూడా కుదరదన్నారట.

"టెక్నీషియన్ రావడం మాత్రం రెండు వారాలు వెనక్కి జరిపానండీ. నా చేతిలో ఉన్నది అంతే. సారీ అండీ."

"నువ్వేం చేస్తావులే తల్లీ" అంది రమ. "అన్నం తిన్నావా?"

చట్టప్రకారం నోటీసు తయారు చేసి కంపెనీకి ఈమెయిల్ పంపాను. మంచి నోటీసు. మరుక్షణమే జవాబొచ్చింది, మీ అభిప్రాయం మాకు అమూల్యమని.

జూలై 8, మంగళవారం

పొద్దున్నే మొదలుపెట్టాం. ముందు నవ్వు ఉన్నది తీద్దామన్నాను. సగంలో నిలిచిపోయింది, తెర నల్లబడింది.

జూలై 9, బుధవారం

నవ్వు ఉన్నది మళ్ళీ ప్రయత్నించాం. అక్కడే ఆగింది. మిగతావి వస్తున్నాయి. వాటికి పేర్లు లేవు, అంకెలే ఉన్నాయి. ఏది ఏమిటో తెలియాలంటే వినాలి. విన్నాను.

'నాకు దాహంగా ఉంది' అన్నాడు ఆ మనిషి. రమ అలవాటుగా మంచినీళ్ళ చెంబు వైపు చూసింది.

జూలై 12, శనివారం

వాన. చల్లగా ఉంది. చాలా వచ్చాయి.

ఒకదాంట్లో నేను సాహిత్య మీద విసుక్కుంటున్నాను. ఒకదాంట్లో తలుపు దగ్గర కూరగాయలతను వస్తే బేరమాడుతున్నాను. ఒకదాంట్లో మాటే లేదు, నేను కుర్చీ జరుపుకుని నిట్టూర్చడం మాత్రం ఉంది. అది తీసేద్దామంటే రమ ఉంచమంది.

జూలై 15, మంగళవారం

బాతుల కథ రాదు. ఆ ఒక్కటి ఉన్న చోటే డిస్కు బాగా దెబ్బతిన్నట్టుందని సాహిత్య అంది. కాపీ రాకపోతే ప్లే చేసి ఫోన్లో రికార్డు చేద్దామనుకున్నాం. ఫోను దగ్గర పెట్టి మీట నొక్కాను. కోడూరు, బుట్ట, కోర్టు హాలు, అన్నీ వచ్చాయి. జడ్జీ గారు 'అభ్యంతరం ఏమైనా' అన్నారు.

అక్కడితో ఆగిపోయింది. ఈసారి ఫ్యాను కూడా మోగలేదు.

జూలై 16, బుధవారం

ఆన్ కాలేదు.

జూలై 17, గురువారం

ఫ్రిజ్‌లో పెట్టి చూద్దామా అని రమ అడిగింది. వద్దని నేను రాయలేదు. కూరగాయలు తీసి, దాన్ని గుడ్డలో చుట్టి పెట్టింది.

ఆన్ కాలేదు.

జూలై 18, శుక్రవారం

రమ కంపెనీకి ఫోన్ చేసింది. ఇప్పుడు ఆ మెనూ అంతా కంఠతా వచ్చేసింది, గొంతు వినకముందే అంకెలు నొక్కుతోంది. "వచ్చి బాగుచేసి వెళ్ళండమ్మా" అంది. పెట్టేశాక, "ఆయనకి సోమవారం కోర్టుంది" అని ఎవరికో చెప్పినట్టు అంది.

జూలై 19, శనివారం

ప్రేమ్ సాగర్ వచ్చి వెనక మూత విప్పాడు. చిన్న స్క్రూ ఒకటి తీసి, బొటనవేలంత పలక ఒకటి బయటికి లాగాడు.

"ఇంతేనా బాబూ?" అంది రమ.

"ఇంతేనండీ."

"ఓసారి ఇస్తావా?"

ఇచ్చాడు. రమ దాన్ని అరచేతిలో పెట్టుకుంది. ప్రేమ్ సాగర్ కిటికీ వైపు తిరిగి మా ఎదురింటి వాళ్ళ డాబా వంక చాలా శ్రద్ధగా చూశాడు. తర్వాత రమే దాన్ని అతని కవర్లో వేసి, "మజ్జిగ తాగి వెళ్ళు నాయనా" అంది.

కొత్త డిస్కుతో ల్యాప్‌టాప్ వెంటనే లేచింది. ఇప్పుడు అసలు వేడెక్కట్లేదు.

జూలై 21, సోమవారం

కోర్టులో ఆఖరు దాకా చదివింది. గడువు ఇచ్చారు. జడ్జీ గారు నాతో మామూలుగా, కాస్త చిరాగ్గా మాట్లాడారు. హాయిగా అనిపించింది.

ఇంటికొచ్చి రమకి ఆ సంగతి ల్యాప్‌టాప్‌తో చెప్పించాను. "మంచిదండీ" అంది. దానికే చెప్పింది, నా వంక చూడలేదు.

జూలై 24, గురువారం

విజయవాడ వెళ్ళొచ్చాను. కోర్టు పని అని రాశాను.

ఆగస్టు 1, శుక్రవారం

మళ్ళీ విజయవాడ. గాలి మింగడం చేతనవుతోంది. పైకి తేవడం రావట్లేదు. థెరపిస్టు అమ్మాయి మా సాహిత్య ఈడుది. "తేన్పు రానివ్వండి సార్, సిగ్గుపడకండి" అంటుంది. అమ్మ నేర్పిన మర్యాదలన్నీ ఇప్పుడు మరచిపోవాలి.

ప, త, క అనే అక్షరాలు ముందు వస్తాయట. రమ అనే మాట ఎప్పుడొస్తుందని రాసి అడిగాను. ర కష్టమంది. మ కూడా తొందరగా రాదట. చూద్దాం సార్ అంది.

ఆగస్టు 6, బుధవారం

నడకకని చెప్పి ఆటోలో మంగినపూడి బీచికి వెళ్తున్నాను. అక్కడ అలల హోరులో నా గొంతు ఎవరికీ వినపడదు. ఇవాళ 'పాక' వచ్చింది. 'తాత' సగం వచ్చింది. డబ్బాలో కప్పే. కానీ ఆ కప్ప నేను చెప్పిన మాటే అంటోంది.

ఆగస్టు 11, సోమవారం

ఒక్కటీ రాలేదు. కడుపునొప్పి. రమ వాము నీళ్ళిచ్చింది. బయట ఏం తింటున్నారు అని అడిగింది.

ఆగస్టు 17, ఆదివారం

పొద్దున్నుంచీ ముసురు. బీచికి వెళ్ళడానికి లేదు. ముందు గదిలో పేపరు చదువుతూ కూర్చున్నాను. రమ వంటింట్లో పప్పు రుబ్బుతోంది. మామూలుగా అయితే నాకేదైనా కావాలంటే చప్పట్లు కొడతాను. నాకా చప్పట్లంటే మొదటి నుంచీ అసహ్యం.

ఏమీ అనుకోలేదు. తయారీ కూడా లేదు. గాలి మింగాను, అది పైకి వచ్చింది.

"కాపీ."

గ్రైండర్ హోరు. రమ అలవాటుగా, "ఆఁ, ఈ వాయి అయ్యాక పెడతా" అంది.

గ్రైండర్ ఆగిపోయింది.

నేను పేపరు ముఖానికి అడ్డంగా పెట్టుకుని, అందులో ఒక్క అక్షరం కూడా చదవకుండా కూర్చున్నాను. తర్వాత గిన్నె చప్పుడు, స్టవ్ వెలిగించిన చప్పుడు. కాఫీ తెచ్చి నా ముందు పెట్టలేదు. చేతిలోనే పట్టుకుని నిలబడింది. పిండి చేతులు కడుక్కోలేదు, గ్లాసు మీద తెల్లటి వేలిముద్రలు.

"ఏమన్నారు?"

గాలి మింగాను. రాలేదు. మళ్ళీ మింగాను.

"కా...పీ."

డబ్బాలో కప్ప. రమ ముఖంలోకి చూడటానికి భయమేసి గ్లాసు వంకే చూశాను.

"ఇంకోసారి అడగండి" అంది.

అడిగాను.

"ఇంకోసారి."

ఇచ్చేసరికి కాఫీ చల్లారిపోయింది. పొరకట్టిన ఆ గ్లాసు నా చేతిలోంచి తీసేసుకుని, వేడిచేసి తెస్తానంటూ లోపలికి వెళ్ళింది. స్టవ్ వెలిగించిన చప్పుడైంది.

"ఏవండీ" అని పిలిచింది అక్కణ్ణుంచే, "ఏం కావాలన్నారు?"